వరదకు ముందే మేల్కొన్న ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య

అనంతపురం ప్రాంతం అనగానే అందరికీ గుర్తొచ్చేది కరువు. ఎండిన చెరువులు, వాన కోసం ఎదురుచూపులు, బెంగళూరుకు వలసపోయే కుటుంబాలు – మన గురించి పత్రికల్లో ఎక్కువగా వచ్చేవి ఇవే. అందుకే వరదల గోల మనకెందుకులే అనిపిస్తుంది. కానీ 2021 నవంబరును ఒకసారి గుర్తు చేసుకోండి. చిత్రావతి పొంగింది. నవంబరు 19న చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర నది మధ్యలో చిక్కుకుపోయిన 10 మందిని కాపాడటానికి వైమానిక దళం హెలికాప్టరు రావలసి వచ్చింది. ఇక ధర్మవరంలో గట్టివాన పడితే మగ్గం గుంటల్లోకి నీళ్లు చేరడం మనకు తెలిసిందే. ఆ నీళ్లు తోడి, గుంట ఆరేదాకా నేత ఆగిపోతుంది. అన్ని రోజులూ ఆ ఇంటికి కూలి ఉండదు. కరువు సీమలో వరద అరుదుగా వస్తుంది. అరుదు కాబట్టే దానికి సిద్ధంగా ఉండేవాళ్లు తక్కువ, జరిగే నష్టం ఎక్కువ.

వరద రాకముందే దాని గురించి ఆలోచించాలని మన దేశానికి నేర్పిన ఇంజనీర్లలో మొదట చెప్పుకోవలసిన పేరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఏటా సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినోత్సవం జరిపేది ఆయన పుట్టినరోజునే. ఆయన పటాలు చాలాచోట్ల ఉంటాయి. తలపాగా, కోటు, కళ్లద్దాలు అందరికీ తెలుసు. ఆయన చేసిన పని ఏమిటో మాత్రం తెలిసినవాళ్లు తక్కువ. ముఖ్యంగా గేట్ల గురించి, వరదల గురించి ఆయన చేసిన పని మన విద్యార్థులు తెలుసుకోదగినది.

మన నదులు పుట్టే చోట పుట్టినవాడు

విశ్వేశ్వరయ్య 1861 సెప్టెంబరు 15న మైసూరు సంస్థానంలోని ముద్దేనహళ్లిలో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు కర్ణాటకలోని చిక్కబళ్లాపురం జిల్లాలో, నంది కొండల దగ్గర ఉంది. పెనుకొండ మీదుగా పెద్దరోడ్డు పట్టుకుని కొడికొండ, బాగేపల్లి దాటి బెంగళూరుకు పోయేవాళ్లు ఆ పక్కనుంచే పోతారు. ఆ కొండల చుట్టుపక్కలే మన పెన్నా నది, మన చిత్రావతి పుట్టాయి. పెన్న హిందూపురం వైపు వస్తుంది. చిత్రావతి బాగేపల్లి, పుట్టపర్తి, బుక్కపట్నం మీదుగా ధర్మవరం వైపు వస్తుంది. ఆయన పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం. ఆ ఊరి పేరే ఇంటిపేరయింది. ఇంట్లో మాట్లాడేది తెలుగే. కాబట్టి కన్నడ సోదరులకు ఆయన ఎంత సొంతమో మనకూ అంతే సొంతం.

తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. తల్లి వెంకటలక్ష్మమ్మ. కుటుంబానికి పేరుంది గానీ డబ్బు లేదు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. చిక్కబళ్లాపురంలో మొదటి చదువు ముగించి, మేనమామ అండతో బెంగళూరు చేరారు. సెంట్రల్ కాలేజీలో చదివే రోజుల్లో ఒక ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పి, దానితో తన ఖర్చులు గడుపుకున్నారు. 1881లో బి.ఏ. పూర్తయింది. తర్వాత మైసూరు ప్రభుత్వం ఇచ్చిన ఉపకారవేతనంతో పూనా సైన్స్ కాలేజీలో ఇంజనీరింగు చదివారు. 1883లో బొంబాయి ప్రెసిడెన్సీ మొత్తం మీద మొదటి స్థానంలో ఉత్తీర్ణులయ్యారు. మిత్రులారా, ఈ ఉపకారవేతనం సంగతి గుర్తుంచుకోండి. దీని గురించి తర్వాత మళ్లీ మాట్లాడుకోవలసి ఉంది.

నీళ్లు కావాలా, భద్రత కావాలా?

1884లో ఆయన బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరారు. నాసిక్, ఖాందేశ్, పూనాలలో పనిచేశారు. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న సుక్కూరు పట్టణానికి సింధు నది నుంచి మంచినీటి పథకం నిర్మించారు. పూనాలో ఉండగా ఆయన ముందుకొక చిక్కు సమస్య వచ్చింది.

పూనా పట్టణానికి, చుట్టుపక్కల పొలాలకు నీరు ఖడక్‌వాస్లా జలాశయం నుంచి వచ్చేది. ఆ రోజుల్లో దాన్ని ఫైఫ్ సరస్సు అనేవారు. వానాకాలంలో అది నిండి, మిగులు నీరు మరవ మీదుగా నదిలోకి పోయేది. ఎండాకాలం వచ్చేసరికి నీటికి కటకట. మన చెరువుల్లోనూ ఇదే వరస. మరవ ఎత్తు పెంచితే ఎక్కువ నీళ్లు ఆగుతాయి. రైతుకు ఆశగానే ఉంటుంది. మరవ మీద ఇసుక మూటలు వేసి నీళ్లు ఆపే ఊళ్లు కొన్ని మనమూ చూసి ఉంటాం. కానీ మరవ ఉన్నది నీళ్లు వృథా చేయడానికి కాదు. పెద్ద వరద వచ్చినప్పుడు నీరు కట్ట మీదికి ఎక్కకుండా బయటికి పోయే దారి అది. ఆ దారి మూస్తే నీరు కట్టను దాటుతుంది. మట్టికట్ట మీదుగా నీరు పారిందంటే కొద్దిసేపట్లో గండి పడుతుంది. అంటే నీళ్లు ఎక్కువ ఆపుకోవాలన్న కోరిక ఒక పక్క, కట్ట నిలవాలన్న అవసరం ఇంకో పక్క. ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలి అన్నట్టుగా ఉండేది.

ఈ రెండింటినీ కలపడానికి విశ్వేశ్వరయ్య తమంతట తామే తెరుచుకునే గేట్లను తయారుచేశారు. వాటిని 1903లో ఖడక్‌వాస్లా మరవ మీద అమర్చారు. వాటి పద్ధతి ఇది. మామూలు రోజుల్లో గేట్లు మూసి ఉంటాయి. దానివల్ల పాత మరవ కంటే సుమారు 8 అడుగులు ఎక్కువ ఎత్తున నీరు నిలుస్తుంది. వరద వచ్చి నీటి మట్టం ఆ గీత దాటితే, ఎవరూ చెయ్యి పెట్టకుండానే గేట్లు తెరుచుకుని మిగులు నీటిని వదులుతాయి. వరద తగ్గి మట్టం దిగగానే మళ్లీ మూసుకుంటాయి. డ్యామును పైకి కట్టకుండానే జలాశయంలో నీరు పెరిగింది. వరద దారీ మూసుకుపోలేదు. ఈ గేట్లకు ఆయన పేటెంటు తీసుకున్నారు. తర్వాత గ్వాలియర్ సంస్థానంలోని టిగ్రా డ్యాములోనూ, మైసూరు కృష్ణరాజసాగర్‌లోనూ ఇలాంటి గేట్లే పెట్టారు.

తమంతట తామే తెరుచుకోవడం ఎందుకంత ముఖ్యం? వరద రాత్రిపూట కూడా రావచ్చు. వానలో దారి ఉండదు. కరెంటు ఉండదు. గేటు తిప్పవలసిన మనిషి ఊళ్లో ఉన్నాడో లేడో తెలియదు. పై అధికారి నుంచి ఉత్తర్వు రావాలి. ఇవన్నీ కుదిరేలోగా నీరు ఆగదు. ఆయన మనిషి మీద నమ్మకం లేక ఆ గేట్లు చేయలేదు. వరద రాత్రి మనిషి ఎలాంటి ఇబ్బందుల్లో ఉంటాడో ముందే ఊహించి చేశారు.

మూసీ వరద

1908లో ఆయన బొంబాయి ఉద్యోగం నుంచి తప్పుకున్నారు. విదేశాల్లో తిరుగుతుండగా నిజాం ప్రభుత్వం నుంచి పిలుపు వచ్చింది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాదును ముంచెత్తింది. అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. వేలమంది చనిపోయారు, వేల ఇళ్లు కూలిపోయాయి. అఫ్జల్‌గంజ్ దగ్గర ఉన్న ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. నది ఒడ్డున తక్కువ ఎత్తులో ఇళ్లు కట్టుకున్నవాళ్లు ఎక్కువగా పోయారు. ఎక్కడైనా నది ఒడ్డున, చెరువు కింద, వాగు పక్కన ఇల్లు కట్టుకునేది వేరే చోట స్థలం కొనలేనివాళ్లే కదా!

విశ్వేశ్వరయ్య 1909 ఏప్రిల్‌లో హైదరాబాదు చేరి పని మొదలుపెట్టారు. మొదట లెక్కలు తీశారు. ఎక్కడ ఎంత వాన పడింది, నీరు ఏ గంటకు ఎక్కడికి చేరింది, ఎంత ఎత్తు వచ్చింది అని ఊరూరా వివరాలు సేకరించారు. శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వాన పడినట్టు తేలింది. రెండు రోజుల వాన సుమారు 48 సెంటీమీటర్లన్నమాట. అనంతపురం ప్రాంతంలో ఏడాది మొత్తానికి సగటున పడేది దాదాపు 55 సెంటీమీటర్లు. అంటే మనకు ఏడాదిలో పడే వానలో చాలా భాగం అక్కడ రెండు రోజుల్లో పడింది.

ఆయన లెక్కల్లో ఇంకో సంగతి బయటపడింది. మూసీకి నీరిచ్చే ప్రాంతంలో 788 చెరువులున్నాయి. ఆ వానకు వాటిలో 221 చెరువులు తెగిపోయాయి. పై చెరువు తెగితే ఆ నీరంతా కింది చెరువు మీద పడుతుంది. అదీ తెగితే రెండింటి నీరూ కలిసి మూడోదాని మీద పడుతుంది. ఇలా వాన నీటికి చెరువుల నీరు తోడై ఒక్కసారిగా నగరం మీదికి వచ్చింది. గొలుసుకట్టు చెరువులు మంచి రోజుల్లో ఒకదానికొకటి నీళ్లిచ్చుకుంటాయి. చెడ్డ రోజున ఒకదాన్నొకటి ముంచుతాయి.

ఆయన ఇచ్చిన సలహా ఏమిటంటే, నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి, రెండు జలాశయాలు కట్టాలి. పెద్ద వరద వస్తే అవి ఆ నీటిని పట్టి ఉంచి, నది భరించగలిగినంతే కిందికి వదలాలి. వాటితోపాటు నగరంలో నది రెండు ఒడ్డులా గోడలు, తోటలు, మురుగునీటి కాలువలు ఉండాలి. ఈ సలహాల మీద ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో పనులు జరిగాయి. గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. హిమాయత్‌సాగర్ నిర్మాణంలో నిజాం రాజ్యపు ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ కృషి ఉంది.

గేటు ఎప్పుడు ఎత్తాలి?

ఈ రెండు జలాశయాలూ వరదను ఆపడానికే కాక నగరానికి మంచినీళ్లివ్వడానికి కూడా ఉపయోగపడ్డాయి. చిక్కంతా అక్కడే. మంచినీళ్ల కోసమైతే జలాశయం నిండుగా ఉండాలి. వరదను ఆపాలంటే అందులో ఖాళీ ఉండాలి. నిండిన కుండలో ఇంకో చెంబు పట్టదు కదా! అందుకే గేట్లు నడపడమంటే చక్రం తిప్పడం మాత్రమే కాదు, ముందుచూపుతో లెక్క వేయడం.

ఉస్మాన్‌సాగర్ నిండు మట్టం 1,790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1,763.5 అడుగులు. వీటి గేట్లను నడిపేది హైదరాబాదు జలమండలి. నీరు నిండు మట్టానికి చేరేదాకా ఆగి, అప్పుడు గేట్లన్నీ ఒక్కసారిగా ఎత్తితే కిందివాళ్లకు అది చేతులారా తెచ్చిన వరద అవుతుంది. అందుకని ఎగువన వాన ఎంత పడుతోందో, గంటగంటకూ లోపలికి ఎంత నీరు వస్తోందో చూస్తూ, ముందుగానే ఒకటి రెండు గేట్లు కొద్ది కొద్దిగా ఎత్తాలి. ఎత్తబోయే ముందు పోలీసులకు, రెవెన్యూ వారికి, దిగువ ఊళ్లకు కబురు చేయాలి. సైరన్ మోగించాలి. ఏ గంటకు ఏ గేటు ఎన్ని అడుగులు ఎత్తారో పుస్తకంలో రాయాలి. కరెంటు పోతే జనరేటర్, అదీ పనిచేయకపోతే చేత్తో తిప్పే ఏర్పాటు ఉండాలి. వానాకాలానికి ముందే ప్రతి గేటునూ ఒకసారి ఎత్తి దించి చూడాలి. గొలుసులకు, ఇనుప తాళ్లకు, పళ్లచక్రాలకు గ్రీజు పెట్టాలి. చిన్న డ్యామైనా పెద్ద డ్యామైనా ఈ పనులు మారవు.

దివాన్ పదవి, ఒక విభేదం

1909 నవంబరులో ఆయన మైసూరు సంస్థానానికి చీఫ్ ఇంజనీరయ్యారు. కావేరి మీద కృష్ణరాజసాగర్ నిర్మాణం 1911లో మొదలైంది. 1912 నుంచి 1918 వరకు దివాన్‌గా పనిచేశారు. మైసూరు బ్యాంకు 1913లో, మైసూరు విశ్వవిద్యాలయం 1916లో ఏర్పడ్డాయి. భద్రావతి ఇనుము కర్మాగారం వెనకా ఆయన ఉన్నారు.

దివాన్ పదవి ఎలా ముగిసిందో కూడా మనలాంటి వసతి గృహ విద్యార్థులు తెలుసుకోవాలి. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఒకే వర్గం వారు నిండిపోయారని, వెనుకబడిన వర్గాలకు వాటా ఇవ్వాలని అక్కడ ఉద్యమం వచ్చింది. మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు 1918లో సర్ లెస్లీ మిల్లర్ అధ్యక్షతన కమిటీ వేశారు. విశ్వేశ్వరయ్యకు ఆ విధానం నచ్చలేదు. యోగ్యత ఒక్కటే చూడాలని ఆయన అభిప్రాయం. ఆ సంవత్సరమే పదవి నుంచి తప్పుకున్నారు.

ఈ విషయంలో మనం ఆయనతో ఏకీభవించలేం. ఆయన యోగ్యుడే. సందేహం లేదు. అయినా ఆ యోగ్యత పూనాకు చేరడానికి ప్రభుత్వ ఉపకారవేతనం కావలసి వచ్చింది. ఆయన ఇంట్లో డబ్బు లేకపోయినా అక్షరం ఉంది. తరతరాలుగా అక్షరానికే దూరంగా ఉంచిన ఇళ్ల పిల్లలకు ఇంకెంత ఆసరా కావాలి! మహనీయుల జీవితం చదివేటప్పుడు వాళ్ల గొప్ప పని నేర్చుకోవాలి, వాళ్లు చూడలేకపోయినది కూడా గమనించాలి. మనకు రెండూ పాఠాలే.

నూరేళ్ల జీవితం

పదవి వదిలినా పని వదల్లేదు. 1937లో ఒరిస్సా వెళ్లి మహానది వరదలను పరిశీలించారు. ఎగువన జలాశయాలు కట్టాలన్న ఆ ఆలోచనే తర్వాత హీరాకుడ్ డ్యాముకు దారితీసింది. తొంభై ఏళ్లు దాటాక కూడా బీహారులో గంగ మీద మొకామా వంతెన ఎక్కడ కట్టాలో చూడటానికి వెళ్లారు. 1955లో భారతరత్న వచ్చింది. 1962 ఏప్రిల్‌లో బెంగళూరులో కన్నుమూశారు. సొంత ఊరు ముద్దేనహళ్లిలో ఆయన స్మారకం ఉంది.

ఆయన బతికి ఉండగానే, 1961 జూలై 12న ఒక ఘోరం జరిగింది. పూనాకు ఎగువన అప్పుడే కడుతున్న పాన్‌షెట్ డ్యాము తెగింది. ఆ నీరంతా వచ్చి ఖడక్‌వాస్లా మీద పడింది. అదీ తెగిపోయింది. పూనా నగరం మునిగింది. మామూలు వరదకు ఎంత మంచి గేటైనా పనికొస్తుంది. పైన ఒక డ్యాము తెగి వచ్చే నీటిని ఏ గేటూ దాటించలేదు. 1908లో మూసీ 221 చెరువులు చెప్పింది కూడా ఇదే. మన డ్యాము ఒక్కటీ బాగుంటే చాలదు, పైనున్నవన్నీ బాగుండాలి.

మన కాలంలో

ఇవి పాత సంగతులని కొట్టిపారేయలేం. 2021 నవంబరు 19న, చిత్రావతి పొంగిన రోజే, పొరుగున కడప జిల్లాలో చెయ్యేరు మీద ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. ఎగువనున్న పింఛా ప్రాజెక్టు కట్ట ముందు తెగి, ఆ నీరు దీని మీద పడింది. అన్నమయ్య ప్రాజెక్టుకున్న 5 గేట్లలో ఒకటి అంతకుముందు ఏడాది నుంచే పనిచేయడం లేదు. రాజంపేట చుట్టుపక్కల ఊళ్లలో పదుల సంఖ్యలో జనం పోయారు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాము 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. మన జిల్లాలకు ఎగువ కాలువ ద్వారా నీరిచ్చేది ఆ డ్యామే. వారం రోజుల్లో తాత్కాలిక గేటు పెట్టి నీరు ఆపారు గానీ ఆలోగా ఎంతో నీరు నదిలోకి పోయింది. 2025 సెప్టెంబరు 26 రాత్రి హైదరాబాదులో జంట జలాశయాల గేట్లు ఎత్తాక మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీరు వచ్చింది. మూసీ వరద జరిగి 117 ఏళ్లు. తేదీల్లో తేడా రెండు రోజులే. గేట్లు పనిచేసినా నది దారిలో మనం కట్టడాలు కట్టుకుంటే నీరు వాటిలోకే వస్తుంది.

విశ్వేశ్వరయ్యకు ఎన్నో వందల ఏళ్ల ముందునుంచే మన చెరువులకు తూములున్నాయి, మరవలున్నాయి. తూము తెరిచి మూసే మనిషిని నీరుగంటి అనేవారు. చాలా ఊళ్లలో ఆ పని చేసింది దళితులే. వానరాత్రి కట్ట మీద తిరిగి, ఎక్కడ నీరు ఊరుతోందో, ఎక్కడ ఎలుక బొరియ పడిందో చూసినవాళ్లు వాళ్లు. వాళ్ల పేర్లు ఏ శాసనంలోనూ లేవు, పటాలు ఏ కాలేజీలోనూ లేవు. గేటు నడిపే చదువుకు మన తాతలు అప్పుడే ఓనమాలు దిద్దారు. ఆ చదువును ఇంజనీరింగు దాకా కొనసాగించవలసినది మనమే.

అందాకా మనం చేయగలిగినవి ఉన్నాయి. ధర్మవరం చెరువుకు నీళ్లు చిత్రావతివే, ఎగువన బుక్కపట్నం చెరువుంది. ఈ రెంటికీ మధ్య ఏమేమి వాగులున్నాయో మనం తెలుసుకోవాలి. మన ఊరి చెరువు మరవ ఎక్కడుందో, అది మూసుకుపోయిందేమో వేసవి సెలవుల్లో వెళ్లి చూడాలి. కట్ట మీద కంపచెట్లు పెరిగినా, కట్ట కింద నీరు ఊరినా పంచాయతీకి, నీటిపారుదల శాఖకు కాగితం మీద రాసి ఇవ్వాలి. నీరు పారే కాజ్‌వే మీద ఆటో గానీ బైకు గానీ పోనివ్వకూడదు. మగ్గం గుంటలున్న వీధుల్లో కాలువలు వానాకాలానికి ముందే తీయించమని పురపాలక సంఘాన్ని అడగాలి.

విశ్వేశ్వరయ్య పెద్ద ఇంజనీరు. అయినా ఆయన పనులన్నిటికీ మొదలు ఒక్కటే. నీరు రాకముందే వెళ్లి చూడటం, కొలవడం, రాసుకోవడం. దానికి పెద్ద పదవి అక్కర్లేదు. మన హాస్టల్ నుంచి రేపు ఒక ఇంజనీరు వచ్చినా, లస్కరు వచ్చినా, వార్డు మెంబరు వచ్చినా ఈ అలవాటు ఉంటే చాలు. చిత్రావతి మళ్లీ పొంగే రోజున మన ఊళ్లు నిద్రలో ఉండవు.